పాత బెంగళూరు బొమ్మల కింద ఏ సంవత్సరం వేయాలి?

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో బెంగళూరు కోట రంగుల బొమ్మ వేసి, కింద ‘1804లో బెంగళూరు’ అని రాశారు. 1804 ఆ అచ్చు లండన్‌లో వెలువడిన ఏడాది. గీసిన జేమ్స్ హంటర్ 1792లోనే పోయాడు. అతను బ్రిటిష్ ఫిరంగి దళంలో లెఫ్టినెంట్. బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సేన 1791 మార్చి 21 రాత్రి ఈ కోట పట్టుకుంది. అంటే ఆ బొమ్మలో ఉన్నది టిప్పుతో యుద్ధం నాటి కోట. 1804 నాటికి టిప్పు లేడు, మైసూరు గద్దె ఒడెయర్ల చేతికొచ్చింది.

ఇలాంటి అచ్చుల అడుగున సన్నటి అక్షరాల వరస ఉంటుంది. ఎడమ మూల గీసినవారి పేరు, కుడి మూల రాగిరేకు చెక్కినవారి పేరు, నడుమ శీర్షిక, దాని కింద ప్రచురణకర్త పేరు, తేదీ. మీ బొమ్మలో ఆ వరస కత్తెరకు పోయి, తేదీ ఒక్కటే వ్యాఖ్యలోకి ఎక్కింది.

రంగులనూ నమ్మడానికి లేదు. ఈ అచ్చులు తీసిన అక్వాటింట్ పద్ధతిలో రాగిరేకు మీద రెజిన్ (గుగ్గిలం లాంటి జిగురు) పొడి చల్లి, వేడిచేసి అంటిస్తారు. ఆమ్లం ఆ రేణువుల సందుల్లో రేకును తింటుంది. లేతగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూసి, మిగతా చోట్ల మళ్లీ ఆమ్లం పట్టిస్తారు. అచ్చు ఒకటి రెండు సిరాల్లోనే పడుతుంది, ఆపైన చేత్తో రంగులద్దేవారు. అద్దినవాళ్లు ఈ ఊరి మట్టి చూసినవాళ్లు కారు. ఒక ప్రతిలో ఎర్రగా ఉన్న నేల ఇంకో ప్రతిలో గోధుమరంగులో కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

సావనదుర్గం, నంది కొండ ఆనాటి బొమ్మల్లో పదేపదే రావడానికి కారణం అందం ఒక్కటే కాదు. రెండూ 1791లో కారన్‌వాలిస్ సేన పట్టుకున్న కోటలు. చిత్రకారుడు రాబర్ట్ హోమ్, సైనికాధికారి అలెగ్జాండర్ అలన్ కూడా ఆ యుద్ధంలో సేన వెంట ఉన్నవాళ్లే. ఇద్దరి మైసూరు దృశ్యాలూ 1794లో అచ్చయ్యాయి. ముందు చీకటి చెట్టు, నడుమ వెలుతురు, వెనక పలచని కొండ అన్నది ఆనాటి ఇంగ్లండ్ అభిరుచి. చెట్టు నిజంగా అక్కడే ఉందని ఎవరూ పూచీపడలేదు.

‘ఒరిజినల్’ అని అమ్మేవి కొనేవారికి ఒక మాట. పదిరెట్ల భూతద్దంలో నాలుగు రంగుల చుక్కలు వరసగా కనిపిస్తే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ యంత్రం మీద తీసిన అచ్చు. అక్వాటింట్ అయితే ఎండిన చెరువు పగుళ్లలా అడ్డదిడ్డమైన వల కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన గాడి ఉండాలి. కాగితం అంచులు కత్తిరించేసి ఉంటే అదీ ఉండదు, కాబట్టి గాడి లేదని నకిలీ అనేయకండి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి: నీటిగుర్తులో (కాగితం తయారీలోనే పడే వాటర్‌మార్క్) ఏడాది ఉండి, అది ప్రచురణ తేదీకి తర్వాతది అయితే మలి ముద్రణే.

ఇకమీదట అడుగు అంచుతో సహా వేయండి. చోటు చాలకపోతే ఆకాశం కాస్త కోసినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు