గోపురం మీద ఏముందో ఎక్కినవాణ్ణి అడగండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఒక ఆలయ గోపురానికి రంగులు వేస్తున్న ఫోటో చూశాను. కింద ఊరి పేరు లేదు. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూస్తే, మూడో అంతస్తులో ఎడమ పక్క బొమ్మ భుజం వెనక రావి మొక్క కనిపించింది. దాని పక్కనే ఒక కుర్రవాడు రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఒంటికి తాడు లేదు. ఆ రెండూ చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను 38 ఏళ్లు ఎత్తు మీద పనిచేసిన తాపీ మేస్త్రీని. మా నాన్నగారు రైసు మిల్లుల ఇటుక పొగగొట్టాలు బాగుచేసేవారు. మోకు ముడి వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మిల్లులు కరెంటుకు మారాక గోపురాల పనికి వచ్చాను.

ఒక ఊళ్లో అయిదంతస్తుల గోపురానికి సరుగుడు బాదులతో పరంజా కట్టి ఎక్కాను. కింద నుంచి చూస్తే జానెడు మొక్క. పైన ద్వారపాలకుడి మోచేతి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి కదిలింది. పెచ్చు ఊడదీసి చూశాను. నా బొటనవేలంత వేరు ఇటుక వరసల మధ్య పాకుతూ లోపలికి పోయింది. దిగి వచ్చి చెబితే గుత్తేదారు, ‘ముహూర్తం దగ్గర పడింది, సిమెంటు పెట్టి రంగు వేసెయ్’ అన్నాడు. వేశాను. రెండు వానాకాలాలు గడవకముందే ఆ చెయ్యి విరిగి ప్రాకారంలో పడింది. తెల్లవారుజాము కాబట్టి అక్కడ ఎవరూ లేరు. ఆ సిమెంటు పెట్టింది నా చేతులే. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నిద్ర పట్టదు.

రావి మొక్కను కొడవలితో కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఇటుకలు విప్పి, వేరు మొత్తం తీసి, మళ్లీ గచ్చుతోనే కట్టాలి. గానుగలో నూరిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపిన గచ్చు ఆరడానికి రోజులు పడుతుంది గానీ, గోడ పీల్చిన తడిని బయటికి పోనిస్తుంది. పాత ఇటుక మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి, వెనక ఇటుక పిండి అవుతుంది. పైకి మాత్రం నున్నగా, కొత్తగా కనిపిస్తుంది.

శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. బీటలు కనిపించి జనాన్ని దూరంగా ఉంచారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు నగిషీ ముక్క ఊడిపడింది. ఇంత పెద్ద కట్టడాల సంగతే అలా ఉంటే, మా పల్లెల్లో గోపురాలను ఎవరు చూస్తున్నారు? పన్నెండేళ్లకోసారి కుంభాభిషేకం వచ్చేదాకా పైకి ఎక్కేవారే ఉండరు. అప్పుడైనా పిలిచేది రంగుల కోసమే. పైన ఏం చూశావని నన్ను ఏ అధికారీ అడిగిన గుర్తు లేదు.

ప్రతి ఏటా వానలు వెలిశాక అనుభవం ఉన్న మేస్త్రీని ఒకణ్ణి ఎక్కించండి. అతను చెప్పింది పుస్తకంలో రాయించి, దాని కింద కార్యనిర్వహణాధికారి సంతకం చేయాలి. ఎక్కేవాడికి భుజాలనూ తొడలనూ కలిపి పట్టే బెల్టు, దానికి రెండు కొక్కేలు ఇవ్వాలి. ఒక కొక్కెం తీసి మార్చుకునేటప్పుడు రెండోది పట్టి ఉండాలి. నడుముకు కట్టిన తాడు పడ్డవాణ్ణి ఆపుతుంది గానీ, ఆ ఊపుకు పక్కటెముకలు విరుగుతాయి.

ఆ ఫోటో ఏ ఊరిదో మీకు తెలిసే ఉంటుంది. దయచేసి ఆ ఆలయం వారికి ఫోను చేయండి. పరంజా విప్పకముందే మూడో అంతస్తు ఎడమ పక్క చూడమని చెప్పండి. నాకు 66 ఏళ్లు, మోకాళ్లు ఎక్కనివ్వవు. పిలిస్తే సొంత ఖర్చుతో వచ్చి, కింద నిలబడి ఎక్కడ విప్పాలో చూపిస్తాను.

- ఒక విశ్రాంత తాపీ మేస్త్రీ, తణుకు