మా పిల్లల ఇంగ్లీషును వినే యంత్రం కావాలి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటును. ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బదిలీ కోసమో బకాయిల కోసమో ఈ లేఖ రాయడం లేదు. గత జనవరిలో మా కంప్యూటర్ గదిలో జరిగిన ఒక చిన్న సంగతి మీ దాకా రావాలని రాస్తున్నాను.

అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. రాతలో ఎప్పుడూ ముందే. నోరు విప్పమంటే మాత్రం తల వంచుకుని నిలబడిపోయేది. ఒకరోజు మధ్యాహ్న భోజనం అయ్యాక ఆ అమ్మాయి చేత పాఠంలోని ఐదు వాక్యాలు చదివించి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేశాను. హెడ్‌ఫోను పెట్టుకుని తన గొంతు తాను విన్నది. మొదట రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మళ్లీ విన్నది. ‘జీరో’ అనే మాట దగ్గర ఆపింది. ఆన్‌లైన్ నిఘంటువు తెరిచి అదే మాట నొక్కింది. ఇదొకసారి, అదొకసారి, అలా నాలుగైదు సార్లు విని, “సార్, నేను జీడిపప్పులో ‘జీ’ అంటున్నాను. వాళ్లది తేనెటీగ రొదలా వస్తోంది. నాలుక పైన తగలడం లేదు” అన్నది.

ఆ తేడాను నేను ఇన్నేళ్లలో ఏ తరగతికీ అంత తేటగా చెప్పలేదు. నా ఇంగ్లీషు పుస్తకాల్లోంచి వచ్చింది. నాకు చెప్పిన మాస్టారుదీ అంతే. ఆ రోజు ఆ అమ్మాయి ఆ ఐదు వాక్యాలనూ పదకొండు సార్లు రికార్డు చేసుకుంది. పక్కన నవ్వేవారు లేరు, తొందర పెట్టేవారు లేరు. బడి గంట కొట్టాక కూడా లేవలేదు.

మంత్రి గారూ, ఒక్క లెక్క చూడండి. ఆ తరగతిలో 42 మంది పిల్లలు. పీరియడు 45 నిమిషాలు. నేను పూర్తిగా నోరు మూసుకుని కూర్చున్నా, ఒక్కొక్కరికి మాట్లాడడానికి దొరికేది నిమిషం చిల్లర. ఇంటికి వెళ్తే మిరపకోతల నుంచి అలసి వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు. ఊళ్లో ఇంగ్లీషు మాట్లాడే మరో గొంతు లేదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక బస్సు, స్కూలు, బుక్కు అనడం మన నాలుకకు సహజం. అది తప్పని నేను అనను, తెలుగులో అదే ఒప్పు. కానీ ఇంగ్లీషులో ఆ చివరి అచ్చు ఉండదని పిల్లవాడి చెవికి తెలియాలంటే, ఎదుటివారి మాటా తన మాటా పక్కపక్కన వినాలి. నల్లబల్ల మీద సుద్దముక్కతో అది సాధ్యం కాదు. కంప్యూటర్‌తో సాధ్యమవుతుంది.

మరి కంప్యూటర్లు మాకు లేవా? ఉన్నాయి. విద్య కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచే ఎగిరింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్త అది, ఎంత సంబరపడ్డానో ఇప్పటికీ గుర్తు. తర్వాత టీవీ పాఠాలు, కంప్యూటర్ గదులు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. తరగతి గోడలకు డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. వీటిని తెచ్చిన ఏ ప్రభుత్వాన్నీ నేను తక్కువ చేయను. అయితే మా పిల్లలు వీటి ముందు చేసిన పని ఒక్కటే, చేతులు కట్టుకుని చూడడం. తెర మాట్లాడింది, పిల్లలు విన్నారు. పిల్లలు మాట్లాడితే వినే ఏర్పాటు మాత్రం ఎవరూ చేయలేదు.

మాకు కొద్ది దూరంలోనే మార్కాపురం ఉంది. అక్కడి పలకల మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారో! పలక గొప్పతనమంతా, దాని మీద రాసేది పిల్లవాడు కావడంలో ఉంది. తానే రాస్తాడు, తానే తుడుస్తాడు, మళ్లీ రాస్తాడు. ట్యాబును కూడా మా పిల్లలు పలకలా వాడుకోవాలని నా ఆశ. తన గొంతు అందులో దిద్దుకోవాలి, నచ్చకపోతే చెరిపేసి మళ్లీ పలకాలి.

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఇంగ్లీషు ల్యాబు ఉంటుంది. హెడ్‌ఫోనులు, మైకులు, రికార్డింగులు అన్నీ ఉంటాయి. మా బడి నుంచి అక్కడి దాకా చేరే పిల్లలు తమ ఇంగ్లీషును తాము మొదటిసారి వినేది పద్దెనిమిదేళ్ల వయసులో. అప్పటికి నాలుక ముదిరిపోతుంది, బెరుకు అంతకంటే ముదిరిపోతుంది. అదే ల్యాబును ఆరో తరగతికి తెండి. అందుకు కొత్త భవనం అవసరం లేదు. మా గదిలో పది కంప్యూటర్లుంటే ఆరు పనిచేస్తున్నాయి. కొన్ని వందల రూపాయల చొప్పున మైకున్న హెడ్‌ఫోనులు, టైంటేబులులో ఇంగ్లీషుకు వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు, పాడైతే వారంలోగా వచ్చి చూసే మనిషి మండలానికి ఒక్కరు. ఈ మూడూ ఉంటే చాలు. నెట్ మా ఊళ్లో వస్తూ పోతూ ఉంటుంది కనుక ఉచ్చారణ, వినికిడి పాఠాలు కంప్యూటర్‌లోనే నిల్వ ఉండేలా పెన్‌డ్రైవులో పంపించండి. నెట్ ఉన్న రోజు నిఘంటువులు, సులువైన ఇంగ్లీషులో ఉండే వికీపీడియా తెరిచి చూపించడం మా పని.

ఆ పాఠాల్లో వివరణ మాత్రం తెలుగులో ఉండాలని గట్టిగా కోరుతున్నాను. ఏ మాధ్యమం మంచిదన్న వాదనలోకి ఇక్కడ దిగను. ఆ అమ్మాయికి ఇంగ్లీషు ధ్వని అందింది జీడిపప్పు అనే తెలుగు మాట వల్లేనన్నది నా కళ్లతో చూశాను.

నాలాంటి టీచర్లకూ ఇదే అభ్యాసం కావాలి. బెంగళూరులోని ప్రాంతీయ ఇంగ్లీషు శిక్షణ సంస్థకు గానీ హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి గానీ అందరినీ పంపడం కుదరదని తెలుసు. అక్కడి అధ్యాపకులు మా రికార్డింగులు విని తప్పులు చెప్పే ఏర్పాటు ఇంటర్నెట్ ద్వారా చేయవచ్చు. నా తప్పులు ఎవరైనా దిద్దితే సంతోషిస్తాను.

పిల్లల గొంతులు ఏ కంపెనీ సర్వర్లకూ వెళ్లకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చేసిన చట్టం, పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. అందుకే ఆ సమ్మతి తీసుకుని, బడి కంప్యూటర్‌లోనే రికార్డు చేసి బడిలోనే చెరిపేయాలి.

ఇక అసలు అడ్డంకి. పదో తరగతి ఇంగ్లీషుకు ఉన్న 100 మార్కులూ రాతకే. మాట్లాడడానికి ఒక్క మార్కూ లేదు. మార్కు లేని పనికి పీరియడు ఎందుకని ఏ ప్రధానోపాధ్యాయుడైనా అడుగుతారు, ఫలితాల ఒత్తిడిలో ఉన్న వారిని తప్పు పట్టలేను. సీబీఎస్‌ఈ బడుల్లో వినడానికి, మాట్లాడడానికి అంతర్గత మూల్యాంకనంలో చోటు ఉంది. మనకూ 20 మార్కులు కేటాయించండి. పిల్లవాడు రెండు నిమిషాలు మాట్లాడితే కంప్యూటర్ రికార్డు చేస్తుంది, దాన్ని పక్క మండలం టీచరు విని మార్కులు వేస్తారు. ఎవరికైనా అనుమానం వస్తే మళ్లీ వినే వీలు ఉంటుంది. మార్కులు ఖాయమయ్యాక చెరిపేయవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. వచ్చే మార్చిలో ఇంగ్లీషు పరీక్ష రాస్తుంది. ఈ మార్పు ఆమెకు అందదు. ఈ ఏడాది మా బడిలో ఆరో తరగతిలో చేరిన 38 మంది పదికి వచ్చేసరికి నాలుగేళ్లు పడుతుంది. వారి ప్రశ్నపత్రం నాటికైనా ఆ 20 మార్కులు ఉండేలా ఇప్పుడే ఉత్తర్వులు ఇవ్వాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు
ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
దర్శి ప్రాంతం, ప్రకాశం జిల్లా