పాత అచ్చుబొమ్మల బ్లాకులు తుక్కులో కలవకముందే మ్యూజియంలో చేర్చండి

సంపాదకులకు నమస్కారం.

గత వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు న్యూకాజిల్‌లో లైంగ్ ఆర్ట్ గ్యాలరీ చూశాను. ప్రపంచమంతా వచ్చి క్యూ కట్టే లండన్ మ్యూజియం లాంటిది కాదది. ఆ ప్రాంతం జనం కోసం 1904లో తెరిచిన మ్యూజియం. అక్కడ థామస్ బ్యూయిక్ చెక్క మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలు చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు అక్షరాలు పేర్చి బతికినవాణ్ణి. ఆ బొమ్మల్లో నాకు మా ప్రెస్సే కనబడింది. మనం ఏం పారేసుకున్నామో అప్పుడు తెలిసొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

బ్యూయిక్ 1753లో న్యూకాజిల్ దగ్గర చెర్రీబర్న్ అనే చోట రైతు కుటుంబంలో పుట్టారు. పద్నాలుగో ఏట టౌనులో ఒక చెక్కడం పనివాడి దగ్గర చేరారు. జంతువుల మీద, పక్షుల మీద వేసిన పుస్తకాలతో ఆయనకు పేరొచ్చింది. నన్ను కట్టిపడేసినవి మాత్రం ఈసపు కథల బొమ్మలు. 1812లో పెద్ద జబ్బు చేసి కోలుకుంటూ ఆ పనికి పూనుకున్నారు. కొడుకు, శిష్యులు తలో చెయ్యి వేస్తే 1818కి పుస్తకం బయటికొచ్చింది. మన పిల్లలకు కూడా తెలిసిన నక్కలు, కాకులు, సింహాలే. ఒక్కో బొమ్మ రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, అంతే. కళ్లజోడు పైకి నెట్టి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చూశాను. జంతువు ఒంటి మీద వెంట్రుక, వెనక చెట్టు ఆకు, ఆ పైన మబ్బు, దేని గీత దానిదే. అంత చిన్న చోటులో ఒక్క గీత కూడా ఇంకులో మూసుకుపోలేదు.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాంసం కొట్లో చింతమొద్దు చూసే ఉంటారు. అడ్డంగా కోసిన మొద్దు పైముఖం ఎన్ని వేట్లు పడ్డా చీలిపోదు. బ్యూయిక్ ఎంచుకున్నదీ అలాంటి ముఖమే. కాకపోతే ఆయన వాడింది బాక్స్‌వుడ్ అనే గట్టి కలప. నిలువుగా కోసిన పలక మీద ఉలి నార వెంట జారిపోతుంది. అడ్డంగా కోసిన ముఖం మీద ఎటు తిప్పినా గీత తెగుతుంది. చెక్కిన చోట తెల్లగా, వదిలేసిన చోట నల్లగా పడుతుంది. అంటే ఆయన చీకట్లో వెలుగును గీస్తూ పోయారన్నమాట.

మాలాంటి ప్రెస్సువాళ్లకు నచ్చేది ఇంకొకటి. ఆ దిమ్మను సరిగ్గా టైపు ఎత్తుకే, అంటే సీసం అక్షరాల ఎత్తుకే చేస్తారు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు వేరే మిషను, వేరే అచ్చు కావాలి. ఇదైతే అక్షరాల పక్కనే పెట్టి, చట్రంలో ఫారంగా బిగించి, కథా బొమ్మా ఒక్క దెబ్బకే అచ్చు వేయొచ్చు. ఖర్చు తగ్గింది, బొమ్మల పుస్తకం మామూలు జనం చేతికి అందింది. ఒక వార్తాపత్రికకు చెక్కిన చిన్న దిమ్మ 9 లక్షల ప్రతులు వేశాక కూడా బాగానే ఉందని బ్యూయిక్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఈసపు పుస్తకం కొన్నవాళ్లకు ఇచ్చిన రసీదు మీద, దొంగ ప్రతులు రాకుండా, తన బొటనవేలి ముద్రను కూడా బొమ్మగా అచ్చు వేశారు. పక్కన ‘ఇది ఆయన గుర్తు’ అని. మన దగ్గర సంతకం రానివాళ్లు వేసే వేలిముద్రను ఆ పనిమంతుడు గర్వంగా వేసుకున్నారు.

ఇక మా సంగతి. తెనాలిలో మా నాన్నగారు పెట్టిన, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. టైపు కేసుల కింద అరలో బ్లాకులు, అంటే బొమ్మల అచ్చుదిమ్మలు ఉండేవి. ఎక్కువ భాగం చెక్క మీద జింకు రేకు కొట్టినవే. నాన్నగారికి ఇంకా పాత ప్రెస్సు నుంచి వచ్చినవి కొన్ని మాత్రం పూర్తిగా చెక్క మీద చెక్కినవి. శుభలేఖలకు వినాయకుడు, కలశం, అరటిచెట్లు. శతకాల పుస్తకాలకు పట్టాభిషేకం, గజేంద్రమోక్షం. గోడ పోస్టర్లకు అరచేయంత చెక్క అక్షరాలు కూడా ఉండేవి. అక్షరాలు పేర్చే పనిలేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక పని తగ్గింది. ప్రెస్సు మూసేసిన రోజు సీసం టైపును తూకానికి అమ్మేశాం. చెక్క బ్లాకులకు రేటు కట్టనన్నాడు తుక్కు కొనేవాడు. వాటిలో చాలావరకు మా పెరట్లో కాగు కిందికి పోయాయి. ఎవరు చెక్కారో ఒక్క పేరు కూడా మేం రాసిపెట్టుకోలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చెర్రీబర్న్‌లో ఆయన పుట్టిన ఇంటిని కూడా వాళ్లు మ్యూజియంగా కాపాడుకుంటున్నారు. మనకు కథలు లేవా? చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. అందులోని పావురాలూ ఎలుకలూ కాకులూ మన తాతల కాలం నుంచీ బడిపిల్లల నోట నానినవే. చెక్కే చేతులు లేవా? పెడనలో కలంకారీ కోసం టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివాళ్లు ఈరోజుకీ ఉన్నారు. చోటు లేదా? విజయవాడ మ్యూజియానికి బాపు గారి పేరు పెట్టుకున్నాం. కథ పక్కన బొమ్మకు మన ఇళ్లలో అంత మర్యాద తెచ్చిన ఆయన గీతలు కూడా ఒకప్పుడు బ్లాకులయ్యే అచ్చుకెక్కాయి. రాజమండ్రిలో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరిట గ్యాలరీ ఉంది. నేను చూసినంతలో మన మ్యూజియాల్లో శిల్పాలకు, నాణేలకు, కత్తులకు దక్కిన చోటు అచ్చుబొమ్మకు దక్కలేదు.

పురావస్తు, మ్యూజియాల శాఖ వారిని కోరేది పెద్ద భవనం కాదు, ఒక్క గది. మూతపడిన ప్రెస్సుల్లో, పాత ఇళ్ల అటకల మీద మిగిలిన బ్లాకులను జిల్లాల వారీగా సేకరించండి. బ్లాకు, దాంతో తీసిన అచ్చు, అది పడిన పుస్తకం పేజీ, మూడూ పక్కపక్కన పెట్టండి. చెక్క మీద తిరగబడి ఉన్న ‘శ్రీ’ కాగితం మీద ఎలా సరిగ్గా పడుతుందో పిల్లలు భూతద్దంతో చూడాలి. పెడన పనివాళ్లకూ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకూ కలిపి నీతిచంద్రిక కథలు అప్పగిస్తే కొత్త బొమ్మలూ వస్తాయి. వాళ్ల కూలి మాత్రం సరిగ్గా ఇవ్వాలి, చెక్కినవాళ్ల పేర్లు బొమ్మ కింద ఉండాలి. ఆలస్యం చేయకండి. ఈ బ్లాకులతో పని చేసినవాళ్లం డెబ్బై దాటిపోయాం.

నా దగ్గర 11 చెక్క బ్లాకులు మిగిలాయి. పట్టాభిషేకం బ్లాకులో హనుమంతుడి తోక దగ్గర కొంచెం చిట్లింది, మిగతావి బాగున్నాయి. ఏ మ్యూజియం వారైనా రసీదు ఇచ్చి తీసుకుంటామంటే బస్సెక్కి నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
తెనాలి