పళ్ళెంలో ఎనభై శనగలు

తల్లిదండ్రులకు నమస్కారం.

జులై 11 ప్రపంచ జనాభా దినోత్సవం. ఆ రోజు తొమ్మిదో తరగతికి మన సోషల్ టీచర్ స్టీలు పళ్ళెం, శనగల డబ్బా పట్టుకెళ్ళారు. ఒక్కో శనగ పది కోట్ల మందికి లెక్క. 1804 అనగానే టకటకా పది గింజలు పడ్డాయి. 1927కి ఇరవై, 1960కి ముప్పై, 1987కి యాభై, 2022 నవంబరుకి ఎనభై. మొదటి పది పడడానికి వేల ఏళ్ళు పడితే, చివరి ముప్పైకి 35 ఏళ్ళే చాలాయి. వెనక బెంచీ పిల్లలు కూడా లేచొచ్చి చూశారు.

తర్వాత జరిగింది కూడా మీకు చెప్పాలి. ఇంట్లో పిల్లలు ఎంతమంది అని టీచర్ అడిగారు. ఒక పాప "ఐదుగురం" అంటే కొందరు నవ్వారు. పాప తల దించేసుకుంది. నలుగురిలో ఆ ప్రశ్న అడగకూడదు, తప్పు మాదే. ఇంటికెళ్ళి ఆ తల్లితో మాట్లాడాను.

మర్నాడు క్లాసు నేనే తీసుకున్నాను. జనం ఇంతగా పెరిగింది పుట్టిన బిడ్డలు బతకడం వల్ల అని చెప్పాను. ఒకప్పుడు పెద్దమ్మవారు (మశూచి) పోస్తే ఎందరో పసిబిడ్డలు దక్కేవారు కాదు. టీకాల పుణ్యమా అని 1980 నాటికి ఆ జబ్బు లోకంలోనే లేకుండా పోయింది. ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి సగటున ఇద్దరు బిడ్డలు కూడా లేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క 1.7.

"మరి నీళ్ళెందుకు చాలట్లేదు మేడం?" అన్నాడొక అబ్బాయి. నాకు భలే సంతోషమేసింది. తలలు లెక్కపెడితే సరిపోదు, తలకెంత వాడుతున్నామో కూడా చూడాలి. ఊరికి ఒకటో రెండో బావులున్న చోట ఇప్పుడు ఇంటికో బోరు, చేనుకో బోరు. వానకు నేలలోకి దిగేదానికంటే తోడేదే ఎక్కువ. కనిగిరి పక్క రాతిలోని ఫ్లోరైడ్ నీళ్ళలో కలిసి మనుషుల్ని ఏం చేసిందో మన కళ్ళెదుటే ఉంది. గారపట్టిన పళ్ళు, వంగిపోయిన కాళ్ళు మన పిల్లలకు కొత్త కాదు.

ఈ వారం హోంవర్క్ మీ ఇంట్లోనే. నాయనమ్మో అమ్మమ్మో తాతయ్యో ఉంటే, చిన్నప్పుడు మంచినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారో, ఎన్ని బిందెలతో రోజు గడిచేదో పిల్లలు అడుగుతారు. కాస్త కూర్చోబెట్టి చెప్పించండి. బోరుంటే ఎప్పుడు వేశారో, ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయో మీరే నోటుబుక్కులో రాయండి. సోమవారానికి పంపితే ఊరి పటం గీసి వరండాలో అంటిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు