క్యోటో నుంచి: పెళ్ళి కవరు, చావు కవరు

ఒరేయ్ బావా,

నీ మెయిల్ తీరిగ్గా చదివాను. జపాన్ వాళ్ళ గురించి నువ్వడిగిన దానికి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. వాళ్ళు ఎవరితోనూ కలవరట, అన్నీ పైపై మర్యాదలేనట, పెళ్ళైనా చావైనా ఒక కవరు చేతిలో పెట్టి వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోతారట కదా అన్నావు. కవరు పెట్టడం నిజమే. కానీ ఆ కవరు వెనకాల ఎంత ఉందో మా ల్యాబ్‌లో అమ్మాయి చెబుతుంటే విన్నాక, పైపై మర్యాద అనే మాట నాకు అస్సలు నచ్చట్లేదు.

తనెవరో ముందు చెప్తా. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో బయటి దేశం నుంచి వచ్చిన స్టూడెంట్లకి మొదట్లో ఒక జపాన్ స్టూడెంట్‌ని ట్యూటర్‌గా పెడతారు. వార్డు ఆఫీసులో చిరునామా నమోదు, బ్యాంకు అకౌంటు, ఏ చెత్త ఏ రోజు బయట పెట్టాలి, ఇవన్నీ నాకు నేర్పింది తనే. తనది సప్పోరో, ఉత్తరాన హొక్కాయిదో దీవి. అందుకని ఈ క్యోటో పద్ధతులు నాకెంత కొత్తో తనకీ దాదాపు అంతే కొత్త. హొక్కాయిదో అసలు ఐను అనే జనం నేల. 1869లో మెయిజీ చక్రవర్తి పేరు మీద నడిచిన అప్పటి కొత్త ప్రభుత్వం అక్కడ ఒక ప్రత్యేక శాఖ పెట్టి, మిగతా జపాన్ నుంచి మనుషుల్ని తరలించి స్థిరపరిచింది. నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు, ఎవరి ఊరి ఆచారం వాళ్ళది, అన్నీ ఒకచోట పడేసరికి పట్టింపులు తగ్గించుకుని బతకడం అలవాటైంది అంటుంది తను. అందుకే జపాన్ ఆచారాల గురించి మాట్లాడితే ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి మాట్లాడుతుంది. నాకు తన మాటలు అంత బాగా ఎక్కడానికి కారణం అదే అనుకుంటా.

మా ల్యాబ్ సీనియర్ పెళ్ళికి మా ఇద్దరికీ పిలుపొచ్చింది. ఇక్కడ స్నేహితుల పెళ్ళికి మామూలుగా 30,000 యెన్లు పెడతారు. మన డబ్బుల్లో 15,000 రూపాయల పైమాటే, స్టూడెంట్‌కి అది చిన్న విషయం కాదు. పది వేల నోట్లు మూడు పెడతారు, రెండు పెడితే సగానికి విడిపోయే అంకె అని చాలామందికి పట్టింపు. నాలుగు చావుని, తొమ్మిది బాధని గుర్తుచేస్తాయని వాటి జోలికి అసలు పోరు. నోట్లు మడత పడని కొత్తవై ఉండాలి, బ్యాంకుకి వెళ్ళి మరీ మార్చుకొస్తారు. నీ పెళ్ళి కోసం నేను ముందునుంచే సిద్ధపడి ఎదురుచూస్తున్నాను అని చెప్పడమన్నమాట. కవరు మీద కాగితంతో పేనిన సన్నని తాడు ఉంటుంది. పిల్లలు పుట్టడం లాంటి మళ్ళీ మళ్ళీ రావాలనుకునే శుభాలకి ఆ తాడు లాగితే ఊడొచ్చే ముడి వేస్తారు, పెళ్ళికి మాత్రం ఎంత లాగినా ఊడని ముడి. తను షాపులో నాకు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. చూడకపోతే రెండూ ఒకటేలే అనుకుంటాం.

తర్వాత ల్యాబ్ బల్ల మీద ఖాళీ కవరుతో ఎలా ఇవ్వాలో చేసి చూపించింది. కవరుని చిన్న సిల్కు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాలి. హాలు గుమ్మంలో బల్ల వేసుకుని పెళ్ళికూతురి, పెళ్ళికొడుకు స్నేహితులు కూర్చుంటారు. వాళ్ళ ముందు గుడ్డ విప్పి, కవరు మీది అక్షరాలు వాళ్ళకి తిన్నగా కనపడేట్టు తిప్పి, రెండు చేతులతో ఇచ్చి, పక్కనున్న పుస్తకంలో మన పేరు, చిరునామా రాయాలి.

ఒరేయ్, ఇది వినగానే నాకు మన చదివింపులు గుర్తుకురావా చెప్పు! పందిట్లో కుర్చీ వేసుకుని లాంగ్ నోటుబుక్కు పట్టుకుని కూర్చునే మీ బాబాయి, 116, 516, 1,116 అని రాసుకుంటూ పోవడం, కొన్ని ఊళ్ళలో మైకులో చదవడం, అంతా చెప్పాను. ఆ పదహారు ఎందుకు అని అడిగింది. సున్నా దగ్గర ఆగకూడదని మావాళ్ళ పట్టింపు అన్నాను. కాసేపు ఆలోచించి, "మావాళ్ళేమో విడిపోకూడదు అంటారు, మీవాళ్ళు ఆగిపోకూడదు అంటారు, రెండూ నోట్లతోనే చెప్పుకుంటున్నాం" అంది.

వాళ్ళ సప్పోరోలో అయితే ఈ కవరు గొడవే తక్కువట. పెళ్ళికి ఇంత రుసుము అని పిలుపు కార్డులోనే వేస్తారు, గుమ్మం దగ్గర కట్టేసి రసీదు తీసుకుంటారు, పెళ్ళి ఏర్పాట్లు స్నేహితుల కమిటీ చూసుకుంటుంది. మిగతా జపాన్ వాళ్ళు ఇది విని నోరెళ్ళబెడతారట. ఇదొక్కటే కాదు, టోక్యోకి పైన గున్మా అని ఒక జిల్లా ఉంది, అక్కడ చావు ఇంటి దగ్గర, చిన్న మొత్తం ఇస్తాం, మాకు తిరిగి ఏమీ ఇవ్వొద్దు అనే వాళ్ళకి వేరే బల్ల పెట్టే అలవాటు ఉంది. కాబట్టి "జపాన్ వాళ్ళు ఇంతే" అని ఎవరైనా గట్టిగా చెప్తే ఏ ఊరి జపాన్ వాళ్ళు అని అడుగు ముందు.

తిరిగి ఇవ్వడం అన్నాను కదా, ఇక్కడ అది పెద్ద సంగతి. మనిషి పోయిన ఇంటికి ఇచ్చే డబ్బుని కోడెన్ అంటారు. ఆ ఇంటివాళ్ళు అందులో సగం విలువకి, కొందరైతే మూడో వంతుకి, టీ పొడో సముద్రపు నాచో తువ్వాళ్ళో తిరిగి పంపుతారు, ఎక్కువగా నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక. కవరులో నోట్లు ఇక్కడ పాతవి ఉండాలి, కొత్తవి పెడితే చావు కోసం ముందే ఎదురుచూసినట్టు అవుతుంది. కొత్త నోటు తప్ప దగ్గర ఏమీ లేకపోతే దాన్ని మధ్యకి మడిచి పెడతారు. పేరు రాసే సిరా కూడా కావాలనే పలచటి బూడిదరంగులో ఉంటుంది, కన్నీళ్ళు పడి సిరా పలచబడిందని భావం. ఆ రంగు బ్రష్ పెన్ను మా హాస్టల్ కింద కన్వీనియన్స్ స్టోర్‌లో బిస్కెట్ల పక్క వరసలోనే దొరుకుతుంది. అర్ధరాత్రి కబురొచ్చినా దిక్కుతోచకుండా ఉండకూడదని.

మొదట్లో నాకు ఈ సగం తిరిగివ్వడం నచ్చలేదు, ఆ మాట తనతో అన్నాను కూడా. మన దగ్గర ఎవరైనా పెడితే పుస్తకంలో ఉంటుంది, ఎన్నేళ్ళకో వాళ్ళింట్లో శుభకార్యం వస్తుంది, అప్పుడు మా అమ్మ బీరువాలోంచి పాత పుస్తకం తీసి "వాళ్ళు మన గృహప్రవేశానికి ఎంత పెట్టారో చూడరా" అంటుంది, దానికి కాస్త కలిపి పెడతాం. అంటే లెక్క ఎప్పటికీ తెగదు, తెగకపోవడమే చుట్టరికం. మీరు నెలన్నరలో తేల్చేస్తే ఇంక మిగిలేదేముంది అన్నాను. తను కోప్పడలేదు. వాళ్ళ పల్లెటూళ్ళలో కూడా ఎవరెంత ఇచ్చారో రాసుకునే పాత పుస్తకాలు ఉంటాయంది, అవి చూసే తర్వాత ఇస్తారంది. సగం తిరిగివ్వడం గురించి మాత్రం ఇలా చెప్పింది: "పింఛను మీద బతికే ముసలావిడ కూడా తలెత్తుకుని ఇవ్వగలగాలి కదా. పూర్తిగా తిరిగిస్తే తీసుకోనట్టు, అసలు ఇవ్వకపోతే భారం మోపినట్టు. సగం అంటే, తీసుకున్నాం, నిన్ను కూడా చూసుకున్నాం అని." ఇంకో సంగతి తెలుసా, ఆ తిరుగు కానుక అందాక మళ్ళీ థాంక్స్ ఉత్తరం రాయరు. రాస్తే ఈ వరస ఎక్కడా ఆగదని, దుఃఖం మళ్ళీ మళ్ళీ రాకూడదని. నాకు ఇప్పటికీ మన తెగని లెక్కే ఇష్టం, కాకపోతే తను చెప్పింది కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇది. పోయిన చలికాలం వాళ్ళ అమ్మమ్మ పోయింది. ఊరెళ్ళి వచ్చాక ఒక సాయంత్రం ల్యాబ్‌లో ఇద్దరమే ఉన్నప్పుడు చాలాసేపు మాట్లాడింది.

తను హైస్కూల్లో ఉండగా వాళ్ళ తాత పోయాడట. అప్పుడు పెద్ద హాలు, ఊరంతా వచ్చారు. వాళ్ళ హొక్కాయిదోలో కోడెన్ కవరు అక్కడికక్కడే తెరిచి లెక్కపెట్టి రసీదు ఇస్తారు, తిరుగు కానుక కూడా అదే రోజు అందరికీ ఒకేలాంటిది చేతిలో పెట్టేస్తారు. మిగతా జపాన్ వాళ్ళకి ఈ రసీదు సంగతి చెబితే నమ్మరట. తను స్కూలు యూనిఫాంలో ఆ బల్ల వెనక కూర్చుని రసీదుల మీద ముద్రలు కొట్టిందట. తాత శవం లోపల ఉంటే బయట డబ్బు లెక్క ఏంటని అప్పుడు చాలా కోపం వచ్చిందట.

అమ్మమ్మకి మాత్రం ఇప్పటి పద్ధతిలో చేశారు. ఇంట్లోవాళ్ళు, దగ్గర చుట్టాలు మాత్రమే, కోడెన్ తీసుకోము అని ముందే చెప్పేశారు. ఈ మధ్య జపాన్ అంతటా ఇలాంటివి బాగా పెరిగాయి, కరోనా తర్వాత మరీను. ఎవరికీ ఇబ్బంది ఉండదు అనుకున్నారు. దహనం అయ్యాక అక్కడ ఎముకల్ని చాప్‌స్టిక్స్‌తో ఇంటివాళ్ళే ఏరతారు, ఒకే ఎముకని ఇద్దరు కలిసి పట్టుకుని కుండలో వేస్తారు, కాళ్ళ దగ్గర మొదలుపెట్టి తల దాకా, లోపల మనిషి నిటారుగా ఉన్నట్టు. క్యోటో వైపు కొన్ని ఎముకలే తీసుకుంటారు, వాళ్ళ వైపు అన్నీ తీసుకుంటారు కాబట్టి కుండ పెద్దది. వాళ్ళమ్మ, తను కలిసి ఒక ఎముకని పట్టుకున్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి వణకడం చాప్‌స్టిక్స్ గుండా తన చేతికి తెలిసిందట. భోజనం దగ్గర చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకూడదని వీళ్ళు అంత పట్టుబట్టేది అందుకేరా. మన అస్థి సంచయనం గురించి చెప్పాను, బూడిదలో వెతికి పాలతో కడుగుతారని. తల వంచుకుని విన్నది.

ఆ తర్వాత ఏమైందంటే, అమ్మమ్మ పోయిందని మెల్లగా ఊళ్ళో తెలిసింది. కోడెన్ వద్దన్నారు, హాలుకి పిలవలేదు, మరి ఆవిడతో ముప్పై నలభై ఏళ్ళు స్నేహం చేసినవాళ్ళు ఏం చెయ్యాలి? ఒక్కొక్కళ్ళే ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఇవాళ ఒకరు, నాలుగు రోజులు ఆగి ఇంకొకరు, ఫోటో ముందు అగరొత్తి వెలిగించి కూర్చునేవాళ్ళు. వచ్చిన ప్రతిసారీ వాళ్ళమ్మ టీ పెట్టాలి, ఎలా పోయిందో మొదటినుంచి చెప్పాలి, వాళ్ళు వద్దన్నా పెట్టి వెళ్ళిన పండ్లకో పూలకో ఏదో తిరిగి పంపాలి. నెలల తరబడి అదే. తన మాటలే రాస్తున్నా: "తాత అప్పుడు ఆ బల్ల, ఆ కవరు, ఆ రసీదు, ఇవన్నీ అమ్మ ముందు గోడలా నిలబడ్డాయి. అందరూ వచ్చారు, అందరూ ఏదో ఒకటి ఇవ్వగలిగారు, అమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేకపోయింది. అమ్మమ్మ అప్పుడు బల్ల తీసేశాం, దుఃఖం అంతా అమ్మ గుమ్మంలోకి వచ్చింది."

నేను ఏమీ అనలేకపోయాను బావా. మా నాన్నగారు పోయినప్పుడు పదకొండో రోజు దాకా ఇల్లు నిండా జనం, అమ్మ ప్రతి వచ్చినవాళ్ళ దగ్గరా మళ్ళీ మొదటినుంచి ఏడవడం నువ్వు చూశావు కదా. కొందరికి అలా ఏడిస్తేనే బరువు దిగుతుంది, మా అమ్మకి అదే మంచిదైంది అని నా నమ్మకం. కానీ కొందరికి మాట్లాడకుండా ఉండే హక్కు కావాలి, ఆ హక్కుని ఊరంతా కలిసి ఒక కవరుతో కాపాడుతున్నారంటే అది చల్లగా దూరం జరగడం ఎలా అవుతుంది? వచ్చి, చేతిలో పెట్టి, వంగి, వెళ్ళిపోవడం. ఇంతకంటే ఏం మాట్లాడాలో తెలియని వాడికి కూడా ఆ ఇంటికి వెళ్ళే దారి ఉంది అక్కడ.

అలాగని తనకి అన్ని ఆచారాలూ ఇష్టమేం కాదు. ఎవరు ఏ ఊరెళ్ళినా విడివిడిగా చుట్టిన స్వీట్లు తెచ్చి ల్యాబ్ బల్ల మీద పెట్టాలి, అది మాత్రం ప్రాణం మీదకి వస్తుందంటుంది, ఒకరికి తక్కువైతే టెన్షన్. ఫిబ్రవరి 14న అమ్మాయిలు మొహమాటానికి ఆఫీసులో మగవాళ్ళందరికీ చాక్లెట్లు పంచడం, మార్చి 14న వాళ్ళు తిరిగివ్వడం పోతే పీడా పోయిందంటుంది. కొత్త సంవత్సరం కార్డులు మాత్రం పోకూడదట. 2004కి దాదాపు 446 కోట్ల కార్డులు అచ్చు వేసిన దేశం, ఇప్పుడు బాగా తగ్గిపోయాయి, 2024 అక్టోబర్‌లో కార్డు ధర 63 యెన్ల నుంచి 85కి పెరిగాక మరీ. ఇంట్లో మనిషి పోయిన ఏడాది ఆ కార్డులు పంపరు, ఈసారి మాకు పండగ లేదని ముందే కబురు పంపుతారు. మనకీ అంతేగా, ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యం.

సరే, ఇప్పుడు నీతో పని. మాఘమాసంలో చెల్లి పెళ్ళికి తను వస్తోంది, ఇక్కడ అప్పటికి సెలవులు. ఎంత పెట్టాలి అని అడిగితే 1,116 చాలన్నాను. రూపాయి బిళ్ళ అతికించి ఉండే మన కవర్ల ఫోటో పంపితే ఎంత సంబరపడిందో. చదివింపుల దగ్గర ఈసారి నువ్వు కూర్చుంటున్నావని అమ్మ చెప్పింది. కాసేపు తనకీ పక్కన కుర్చీ వెయ్యి, ఆ పుస్తకం ఎలా రాస్తారో చూడాలని చాలా ఆశపడుతోంది. తన పేరు పక్కన ఊరు సప్పోరో అని తప్పకుండా రాయి, రేపు వాళ్ళింట్లో శుభకార్యం వస్తే అమ్మ వెతుక్కోవాలి. రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే స్టీలు డబ్బాల మీద పేర్లు చెక్కించడం అయిపోయిందా లేదా కనుక్కో. తను విజయవాడలో దిగి రైల్లో తెనాలి వస్తుంది, స్టేషన్‌కి నువ్వే వెళ్ళాలి, నేను ఆ రోజు పెళ్ళి పనుల్లో కదల్లేను. గోంగూర ఎక్కువ వడ్డించొద్దని వంటవాళ్ళకి చెప్పు, తను వద్దనకుండా తినేస్తుంది.

వెంటనే జవాబు రాయి.

నీ
బావ