అంచెలు ఆరే, అందించే చేతులేవీ?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఆ వ్యాసం ఈపాటికి అందరూ చదివే ఉంటారు. ప్రపంచంలో ఏ ఇద్దరి మధ్యనైనా ఆరు పరిచయాల దూరమేనట, ఫేస్‌బుక్ పుణ్యమా అని అదిప్పుడు మూడున్నరకు దిగిందట, కాబట్టి మనమంతా ఒకే కుటుంబమట. కంటి శుక్లం ఆపరేషన్ చేయించుకుని పేపరు ముట్టకుండా కూర్చోబట్టి గానీ, లేకుంటే ఈ ఉత్తరం మీకు ఆ వారమే అందేది.

నేను 34 ఏళ్లు తపాలా శాఖలో సార్టింగ్ చేసినవాణ్ణి. ఉత్తరాల లెక్క ఎవరైనా తప్పు చెబితే నాకు నిద్ర పట్టదు. ఈ ఆరు అంచెల లెక్క పేరు మోసింది ఉత్తరాల మీదే. 1960లలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికా ప్రొఫెసర్ 296 మందిని పోగేసి, బోస్టన్‌లో పనిచేసే ఒక షేర్ బ్రోకర్‌కు కవరు చేర్చమన్నాడు. నేరుగా పోస్టు చేయకూడదు. తమకు చనువున్న ఎవరికో ఇవ్వాలి, వాళ్లు ఇంకొకరికి, అలా. చేరిన కవర్లు మధ్యలో సగటున ఐదుగురి చేతులు మారాయి, అంటే ఆరు అంచెలు. ఇంతవరకు మీవాళ్లు బాగానే రాశారు. మరి చేరినవెన్ని? 64. మిగతా 232 కవర్లు ఏ సొరుగుల్లో మగ్గిపోయాయో! ఆ ముక్క మీ వ్యాసంలో ఎక్కడా లేదు. నా సంచిలో 296 వేస్తే నేను 64 చేర్చి ఊరుకుంటే మా సూపరింటెండెంటు చేతికి ఛార్జిషీటు ఇచ్చేవాడు తప్ప, పాఠ్యపుస్తకాలకు ఎక్కించేవాడు కాదు.

పోనీ అది పాతకాలం అనుకుందాం. 2003లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు అదే పని ఈమెయిల్‌తో చేసి చూశారు. 24,163 గొలుసులు మొదలైతే గమ్యం చేరినవి 384. ఎవరికి పంపాలో తోచక ఆగిపోయామన్నవాళ్లు వెయ్యికి ముగ్గురు కూడా లేరు. తక్కినవాళ్లది మనకెందుకులే అనే జబ్బు. ఇక ఫేస్‌బుక్ వాళ్లు 2016లో 159 కోట్ల ఖాతాలు లెక్కగట్టి 3.57 అన్నారే, అందులో ఎవరూ ఎవరికీ ఏదీ అందించలేదు. ఎవరి జాబితాలో ఎవరున్నారో కంప్యూటరు లెక్క తీసింది, అంతే. మ్యాపులో దారి ఉందంటే బస్సు ఉన్నట్టా?

బస్సంటే గుర్తొచ్చింది, నా బాధ కూడా అక్కడే మొదలైంది. ఆపరేషన్‌కు ముందు ఒకరోజు బస్సులో నా పక్క సీటులో రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి దొరికింది. తెరిస్తే టెన్త్ మార్కుల మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. కౌన్సెలింగ్ రోజులు. ఆ కుర్రాడి టెన్షన్ ఊహించుకోండి. కండక్టరు డిపోలో ఇవ్వమన్నాడు. డిపోలో దొరికిన వస్తువుల రిజిస్టరు రాసే గుమాస్తా సెలవు, బీరువా తాళం ఆయన దగ్గరే. పోలీస్ స్టేషన్‌కు వెళితే, "బస్సు ఏ లిమిట్స్‌లో ఉండగా దొరికింది?" అని అడిగారు. సీటు మీద దొరికిందన్నాను. వాళ్లకు నవ్వు రాలేదు.

సరే, మీ మూడున్నర అంచెలు ఎందుకున్నాయి అని మెమో ఫొటో తీసి, కింద నా ఫోన్ నంబరు రాసి ఐదు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. కాలనీ, పెన్షనర్లు, భజన మండలి, మా బ్యాచ్, బంధువులు. మొత్తం వెయ్యికి పైగా జనం. నలభై దండాలు వచ్చాయి. "గ్రేట్ సార్" అన్నవాళ్లు పదకొండుగురు. "గ్రూపుకు సంబంధం లేని పోస్టులు పెట్టొద్దు" అని ఒక అడ్మిన్. పుట్టినతేదీతో సహా మెమో ఫొటో ఎవరైనా పెడతారా తాతగారూ అని పక్కింటి అమ్మాయి చీవాట్లు పెట్టింది. అవి న్యాయంగానే తిన్నాను. ఒక్క ఫోనూ రాలేదు.

పూర్వం ఇదే బస్సులో "మీదే ఊరండీ?" అని మొదలుపెడితే మూడో ప్రశ్నకు ఎదుటివాడు మనకు వేలు విడిచిన మేనమామ అని తేలేది. అది బాదరాయణ సంబంధమే కావచ్చు, కానీ దాన్ని పట్టుకుని ఆ పూట భోజనం పెట్టేవాళ్లు, అబ్బాయి ఫీజు కట్టి రమ్మంటే కట్టి వచ్చేవాళ్లు. ఇప్పుడు పక్కవాడి చెవిలో వైర్లు. మా శాఖ సంగతీ అంతేలెండి. రిజిస్టర్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. నేను చేత్తో నంబర్లు వేసిన ఆ పొడుగు రసీదులు ఇక ఉండవట. దాని గురించి మీ పేపరులో ఓ మూల నాలుగు లైన్లు.

చివరికి నాకు తెలిసిన పనే చేశాను. మెమో మీద స్కూలు పేరుంది. హెడ్‌మాస్టరు గారికి అర్ధరూపాయి కార్డు రాశాను. ఐదో రోజు ఉదయం కుర్రాడి తండ్రి మా గుమ్మంలో ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాడు, మంచినీళ్లు ఇస్తే పుచ్చుకోడు. చేతిలో ఫోను. అందులో నేను పెట్టిన ఫొటోయే! భజన మండలిలోంచి ఏయే గ్రూపులు తిరిగిందో, వాళ్ల ఊరి గ్రూపులోకే చేరింది. కానీ కింద నా నంబరు లేదు. వేరే నంబరు, పక్కనే "రెండు వేలు పంపితే సర్టిఫికెట్లు కొరియర్ చేస్తాం" అని ఉంది. పాపం, పంపేశాడు. ఆ మర్నాటి నుంచి ఆ నంబరు స్విచాఫ్.

అంటే మీవాళ్లు రాసింది నిజమే సంపాదకులు గారూ, మనమంతా దగ్గరివాళ్లమే. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమన్నాను. మా స్టేషనులో రాసుకున్నారండి అన్నాడు. ఫోల్డరు తెచ్చి చేతిలో పెడితే ఒక్కో కాగితం తీసి చూసుకుని, తల దించుకునే అడిగాడు: "మీకెంత ఇవ్వాలండీ?"

నిన్న డిపో నుంచి ఫోన్ వచ్చింది. గుమాస్తా సెలవు అయిపోయిందట, దొరికిన ఫోల్డరు వెంటనే తెచ్చి అప్పగించమంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సార్టింగ్ ఉద్యోగి,
తూర్పు గోదావరి జిల్లా