కొత్త పెళ్లికొడుక్కి ఒక ఏడాది

సంపాదకులకు,

గల్ఫ్ వలసల మీద మీరు ఇటీవల వేసిన వ్యాసంలో మా కోనసీమకు అక్కడినుంచి వచ్చే డబ్బు గురించీ, ఆ డబ్బుతో లేచిన డాబాల గురించీ రాశారు. అలాంటి డాబా ఒకటి మాది. మీరు రాయని సంగతి ఒకటి నాకు తెలుసు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు 1990 మే నెలలో పెళ్లయింది. నలభయ్యో రోజున మావారు మస్కట్ వెళ్లారు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. నడుము పట్టేసి 2003లో పూర్తిగా వచ్చేసేలోపు ఆరుసార్లు వచ్చారు. అంటే, మొదటి నలభై రోజులు తీసేస్తే, పదమూడేళ్లలో మేము ఒకే ఇంట్లో ఉన్నది పన్నెండు నెలలు.

మా పెళ్లిలో పాస్టరుగారు బైబిల్లోని ఆదికాండం రెండో అధ్యాయం చదివారు. పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకొంటాడు, వారు ఏకశరీరమై ఉంటారు అన్న వాక్యం. దాని మీద ముప్పావుగంట చెప్పారు. భార్య లోబడాలన్నారు, పిల్లలను దేవుని భయంలో పెంచాలన్నారు. పందిట్లో కూర్చున్న వారందరికీ టికెట్టు సంగతి తెలుసు. హత్తుకోవడం మస్కట్ నుంచి ఎలా కుదురుతుందని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

ఆ 'హత్తుకొను' అనే మాట మూలభాష హెబ్రీలో, బైబిల్లోని రూతు గ్రంథంలోనూ వస్తుంది. భర్తలు పోయిన ఇద్దరు కోడళ్లలో ఓర్పా అత్తకు ముద్దుపెట్టి వెళ్లిపోయింది, రూతు అత్తను హత్తుకొంది. మన తెలుగు బైబిలు కూడా రెండు చోట్లా అదే మాట వాడింది. రూతు వెంటనే ఏమంటుంది? నీవు వెళ్లే చోటికే నేను వస్తాను, నీవు ఉండే చోటే నేను ఉంటాను అంటుంది. హత్తుకోవడం అంటే ఇది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో భర్తలకు చెప్పిన మాట ఇంకా దగ్గరది: జ్ఞానం చొప్పున భార్యలతో కాపురం చేయండి, మీ ప్రార్థనలకు అభ్యంతరం కలగకుండా ఉండేటట్లు. ఇంట్లో కాపురం సరిగా లేకపోతే ప్రార్థన ఆగిపోతుందని అపొస్తలుడే చెబుతుంటే, శరీరం ఒక గదిలో, ఆత్మ ఒక గదిలో ఉన్నట్లు మనం ఎందుకు మాట్లాడుకుంటాం?

మొదటి సెలవు ముగించుకుని ఆయన వెళ్లిన తర్వాత నేను చాలా రోజులు ఏడ్చాను. ఆయన కోసం నా ఒళ్లు కూడా ఎదురుచూస్తున్నదని తెలిసి, అది పాపమేమోనని భయపడ్డాను. అమ్మకు చెప్పలేను, అత్తగారికి అసలే చెప్పలేను. మా సంఘానికి వచ్చే బైబిలు స్త్రీ, అంటే ఆడవాళ్లకు వాక్యం చెప్పే ఆమె, అప్పటికే అరవై దాటిన మనిషి, నేను లేసు అల్లుతుంటే పక్కన కూర్చుని కొరింథీయుల మొదటి పత్రిక ఏడో అధ్యాయం తీసి చదవమంది. భార్య శరీరం మీద భర్తకు అధికారం ఉందన్న మాట అంతకు ముందు విన్నాను. భర్త శరీరం మీద భార్యకు అధికారం ఉందన్న మాట ఆ వాక్యంలోనే ఉందని ఆ రోజే చూశాను. రెండో సగం ఏ పందిట్లోనూ ఎవరూ చదవగా నేను వినలేదు. దాని కింది వాక్యం ఇంకా స్పష్టం: ఇద్దరి సమ్మతితో, ప్రార్థన కోసం, కొంతకాలం తప్ప ఒకరినొకరు ఎడబాయవద్దు, తిరిగి కలుసుకోండి. "నీది పాపం కాదమ్మా, నీకు రావలసినది నీకు అందడం లేదు" అంది ఆమె. బైబిల్లోని ప్రేమగీతమైన పరమగీతం కూడా ఆమే చదివించింది. నదీ ప్రవాహాలు ప్రేమను ముంచివేయలేవన్న వాక్యం వరద చూసిన గోదావరి మనిషికి వేరే వివరించనక్కరలేదు.

1996 నవంబరు తుపానులో మా కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. ఇద్దరు పిల్లలతో బడిలో తలదాచుకున్నాను. మేము బతికి ఉన్నామని ఆయనకు తెలిసేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆయన అన్నం ముట్టలేదని తర్వాత క్యాసెట్టులో చెప్పి పంపారు. ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయన ప్రేమను నేను ఏనాడూ శంకించలేదు. ఆయన వెళ్లింది నా కోసమూ పిల్లల కోసమూనే.

అయినా 2003లో వచ్చిన మనిషి నాకు కొత్తవాడు. ఆయన రాత్రి దీపం ఉంచమనేవారు, నాకు దీపం ఉంటే నిద్ర పట్టదు. ఆయనకు కూరలో ఉప్పు ఎంత వేయాలో కూడా నాకు తెలియదు. మంచం మీద ఇద్దరం చెరో అంచునా పడుకునేవాళ్లం. మళ్లీ దగ్గర చేసినది సాయంత్రపు కుటుంబ ప్రార్థన. మొదట పిల్లల కోసం మొదలుపెట్టాం. ఒకరోజు ఆయన పిల్లల ముందే, "ప్రభువా, నా భార్యను నేను ఎరగను, నేర్పించు" అని ప్రార్థించారు. బైబిల్లో 'ఎరుగుట' అనే మాట దంపతుల కలయికకు కూడా వాడతారని ఆయనకు అప్పుడు తెలుసో లేదో. ఆ ప్రార్థన తర్వాతే మా ఏకశరీరం మొదలైందని నేను అనుకుంటాను. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు.

ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం అయిదో వచనం సంఘ పెద్దలు తీసి చూడాలి. కొత్తగా పెళ్లయినవాడిని యుద్ధానికి పంపకూడదు, ఏ భారమూ మోపకూడదు, ఏడాదిపాటు ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలి. దేశానికి సైనికుడు కావలసినప్పుడు కూడా భార్య సంతోషానికి ఏడాది కేటాయించిన ధర్మశాస్త్రం అది. ఇప్పుడు మా ఊళ్లలో భార్యలే ఇంటిపనికి కువైట్ వెళుతున్నారు, ఆ మాట వారికీ వర్తిస్తుంది. అప్పులున్నవారిని వెళ్లవద్దనే అర్హత నాకు లేదు. మా అప్పు తీరింది ఆ డబ్బుతోనే. కానీ పెళ్లికి ముందు ఆ ప్రకటన గుడిలో మూడు ఆదివారాలు చదువుతారు కదా, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు కదా, ఆ మూడు వారాల్లో ఒక్క రోజు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఎన్నాళ్లు విడిగా ఉండబోతున్నారు, దానికి నీ సమ్మతి ఉందా అని అడగడానికి ఏమి కష్టం?

వచ్చే ఆదివారం మా సంఘంలో మరో జంటకు మొదటి ప్రకటన. అబ్బాయి టికెట్టు పెళ్లయిన పద్దెనిమిదో రోజుకు ఉంది. ఆరాధన అయ్యాక మావారూ నేనూ వెళ్లి, ఆ అమ్మాయిని అడిగారా అని పాస్టరుగారిని అడగబోతున్నాం.

ఒక పాఠకురాలు,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా